మూడు మొట్టికాయలు, ముప్పై అయిదు గదులు

'ఎంటర్ ది డ్రాగన్', 'ది థర్టీ సిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్' ఈ రెండింట్లో ఏది గొప్పదో తేల్చి శుక్రవారం సాయంత్రానికల్లా ఇవ్వమన్నారు ఎడిటర్‌గారు. బ్రూస్‌లీ బొమ్మ వేస్తే పత్రిక కదులుతుందని కూడా అన్నారు. అది నిజమే కాబట్టి అట్ట మీద ఆయనే ఉన్నాడు. నా ఓటు మాత్రం రెండో సినిమాకి.

ఫైటింగులు పోల్చుదామనే కూర్చున్నాను. తీరా చూస్తే, నన్ను పట్టుకు కూర్చోబెట్టినవి ఫైటింగులు కాదు, రెండు పాఠాలు.

మొదటిది 'ఎంటర్ ది డ్రాగన్' మొదట్లోనే వస్తుంది. బ్రూస్‌లీ వేసిన లీ ఒక కుర్రవాణ్ని తన్నమంటాడు. వాడు తంతాడు. ప్రదర్శన కాదు, అందులో ప్రాణం ఉండాలంటాడు గురువు. వాడు కోపం తెచ్చుకుని తంతాడు. కోపం అడగలేదంటాడు. మూడోసారి సరిగ్గా కుదురుతుంది. ఎలా అనిపించిందని అడిగితే కుర్రాడు ఆలోచనలో పడతాడు, నెత్తిన ఒకటి పడుతుంది. చందమామను చూపే వేలినే చూస్తుంటే ఇంకొకటి. వంగి నమస్కరిస్తూ ఎదుటివాడి మీంచి చూపు తిప్పినందుకు మూడోది. పాఠం అయిపోయింది! చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ, నేర్చుకున్నవాడు మళ్లీ కనిపించడు. గురువు మాత్రం అన్నీ వచ్చినవాడిగానే విలన్ హాన్ ద్వీపానికి వెళ్తాడు, అన్నీ వచ్చినవాడిగానే గెలుస్తాడు. హాన్ ఇనుప గోళ్లు ఒంటిమీద గీతలు గీస్తాయే తప్ప, ఇతను ఓడిపోతాడేమోనన్న బెంగ మనకు ఒక్క క్షణం కూడా కలగదు.

ఇక రెండో పాఠం. మంచూ సైనికులు అయినవాళ్లను చంపేస్తే, యూదే అనే విద్యార్థి కూరగాయల బండిలో దాక్కుని షావోలిన్ ఆశ్రమం చేరతాడు. గుండు గీసి శాన్‌టే అని పేరు పెడతారు. చాలాకాలం చీపురు తప్ప ఏదీ చేతికివ్వరు. అక్కడ 35 శిక్షణ గదులుంటాయి. మనవాడు తొందరపడి అన్నిటికన్నా పైగది అడుగుతాడు. అక్కడ సూత్రాలు చదువుతున్న పెద్ద సన్యాసుల ముందు నిలబడలేక కిందికొచ్చి, మొదటి మెట్టు నుంచి మొదలుపెడతాడు.

ఆ మొదటి మెట్టు భోజనశాల ముందున్న నీటిగుంట. తేలుతున్న కట్టెల మోపు మీద కాలు మోపీ మోపకుండా దాటాలి. మనవాడు బుడుంగున పడతాడు. అన్నం వాసన మాత్రం అవతలి ఒడ్డునే ఉంటుంది. తర్వాత నీళ్ల బకెట్లు. చేతులు చాచి వాలు ఎక్కాలి. జబ్బల కింద కత్తులు కట్టి ఉంటాయి, చేతులు వాలితే డొక్కలో గుచ్చుకుంటాయి. ఆ తర్వాత పొడవాటి కర్ర చివర బరువు కట్టి, మణికట్టు బలంతో గంట కొట్టాలి. రెండు చెంపల పక్కనా అగరుకడ్డీలు వెలుగుతుంటే తల కదపకుండా కళ్లతోనే దీపాన్ని వెంబడించాలి. వేలాడే ఇసుక బస్తాలను తలతో కుమ్ముతూ బుద్ధుడి దగ్గరికి చేరాలి.

సినిమా నడుమ భాగమంతా ఇదే. విలన్ జాడే ఉండదు. అయినా ఎక్కడా విసుగు పుట్టదు. ఒక్కో గదిలో ఒంట్లోని ఒక్కో భాగానికి పని తగులుతుంది: కాలు, భుజం, మణికట్టు, కన్ను, తల. అన్నీ అయ్యాక శాన్‌టే కత్తి పట్టినప్పుడు, ఆ బలం ఏ గదిలో వచ్చిందో మనకు తెలిసిపోతుంది.

ఈ తేడా తీసినవాళ్లను బట్టే వచ్చింది. దర్శకుడు లౌ కార్ ల్యూంగ్‌ది గురుపరంపర ఉన్న ఇల్లు. ఆయన తండ్రి లౌ చామ్ గురువు లామ్ సైవింగ్, ఆయన గురువు వాంగ్ ఫేహంగ్. శాన్‌టేగా వేసిన గోర్డన్ లియు కూడా లౌ చామ్ దగ్గరే నేర్చుకున్నాడు. బ్రూస్‌లీ ఇప్‌మ్యాన్ దగ్గర వింగ్‌చున్ నేర్చి, తర్వాత కట్టుబాట్లన్నీ వదిలి జీత్ కున్ దో అనే సొంత పద్ధతి పెట్టుకున్నాడు. ఒంటిని ఎంత సాధన చేసి ఆయన ఆ రూపానికి తెచ్చుకున్నాడో మనకు తెలుసు. సినిమా దాన్ని మనకు చూపించదు, అదే నా ఫిర్యాదు.

చరిత్ర రెండు ముక్కల్లో: మొదటిది రాబర్ట్ క్లౌజ్ దర్శకత్వంలో వార్నర్ బ్రదర్స్‌తో కలిసి తీసింది. లీ 1973 జులై 20న 32 ఏళ్లకే పోయాడు, సినిమా అమెరికాలో ఆగస్టులో వచ్చింది. రెండోది షా బ్రదర్స్ వాళ్లది, 1978.

మిగిలిపోయిన ముచ్చట్లు
• హాన్ నేలమాళిగలో లీ చేతిలో మెడ విరిగేవాళ్లలో కుర్ర జాకీచాన్ ఒకడు. మొదటి పోటీలో లీ ఎదురుగా నిలిచింది శామో హంగ్.
• హాన్‌గా నటించింది షి కియెన్, గొంతు కీ లూక్‌ది.
• ర్యాప్ బృందం వూటాంగ్ క్లాన్ 1993 ఆల్బమ్ పేరులో 'ఎంటర్', '36 ఛాంబర్స్' రెండూ ఉన్నాయి.
• 'కిల్ బిల్' మొదటి భాగంలో జానీ మో, రెండో భాగంలో పాయ్‌మే, ఇద్దరూ గోర్డన్ లియునే.
• 'బ్రూస్‌లీ' పేరుతో 2015లో రామ్‌చరణ్ సినిమా వచ్చింది. శాన్‌టే పేరు మనవాళ్లెవరూ పెట్టుకోలేదు.

'ఎంటర్ ది డ్రాగన్' చివర్లోని అద్దాల గదిని తక్కువ చేయడం లేదు. ప్రతిబింబాల మధ్య శత్రువు ఎక్కడున్నాడో తెలియక, లీ అద్దాలనే పగలగొట్టడం మొదలుపెట్టే ఆ ఘట్టాన్ని ఎన్నిసార్లైనా చూస్తాను. కానీ అన్నీ నేర్చాక శాన్‌టే కోరేది చూడండి. సామాన్యులకు విద్య నేర్పే 36వ గది పెడతానంటాడు. మఠాధిపతి శిక్ష వేసినట్టు నటించి అతన్ని భిక్షకు బయటికి పంపేస్తాడు. బ్రూస్‌లీని చూసి వచ్చినవాడు బ్రూస్‌లీలా ఉండాలనుకుంటాడు. శాన్‌టేని చూసినవాడికి రేపు పొద్దున్నే దేంతో మొదలుపెట్టాలో తెలుస్తుంది.

రెండూ చూడని కుర్రకారు ఇంట్లో ఉంటే ముందు షావోలిన్ చూపించండి. శిక్షణ ఘట్టాలు పొడుగనిపించి ముందుకు జరపబోతే రిమోట్ లాక్కోండి.