మీకు తెలుసా? బంగాళాఖాతం సంగతులు

● ప్రపంచంలోకెల్లా పెద్ద అఖాతం మన తూర్పు తీరాన్ని ఆనుకుని ఉన్న బంగాళాఖాతమే. విస్తీర్ణం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు. సగటు లోతు దాదాపు 2,600 మీటర్లు.

● గంగ, బ్రహ్మపుత్ర నదులు హిమాలయాల నుంచి కోసుకొచ్చిన మట్టి సముద్రం అడుగున విసనకర్రలా పరుచుకుని, భూమధ్యరేఖను కూడా దాటి దాదాపు 3,000 కిలోమీటర్లు సాగింది. ‘బెంగాల్ ఫ్యాన్’ అనే ఈ మేటను మించింది మరే సముద్రం అడుగునా లేదు.

● నదులు, వానల నీరు చేరడంతో ఉత్తర భాగంలో పైనీటికి ఉప్పదనం తక్కువ. తేలికైన ఆ పొర కిందినీటితో సులువుగా కలవదు. అందుకే అడుగునున్న పోషకాలు పైకి రావడం తక్కువ; సూక్ష్మజీవుల ఎదుగుదల అరేబియా సముద్రంలో కంటే తక్కువే. పైనే నిలిచిపోయే వేడి మాత్రం తుపాన్లకు బలమిస్తుంది.

● ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు కొన్ని సంవత్సరాల్లో లక్షల సంఖ్యలో తరలివస్తాయి. ఒక్కోటి ఇసుకలో సుమారు వంద గుడ్లు పెడుతుంది. ఇసుక వేడెక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి.

● వరద గోదావరిలో దొరికే పులస సముద్రపు చేపే. గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. పిల్లలు కాస్త ఎదిగాక తిరిగి సముద్రానికే చేరతాయి.