తెరమీది అలలు

నిలుకడగానున్న చెరువులో రాయి వేసినచో, నీటిలో కనబడుచున్న తాటిచెట్టు నీడ వంకరలు తిరుగును. కలను గాని, గతించిన కథను గాని చూపుటకు సినిమాలలో ఇట్టి వంకరలను వాడుట అందరెరిగినదే. పూర్వము ఇందుకై కెమెరా కటకము ముందు ఎగుడుదిగుడు గాజుపలకను కదల్చెడివారు. నేడు ఆ పనిని వీడియో కూర్పునకు వాడు కంప్యూటరు సాఫ్ట్‌వేరు చేయుచున్నది. 1993లో మొదట వెలువడిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అను సాఫ్ట్‌వేరులో ఈ సాధనమునకు ‘వేవ్ వార్ప్’ అని పేరు. ఇందు నీరును లేదు, గాజును లేదు. ఉన్నది ఉన్నత పాఠశాలలో నేర్చు సైను నిష్పత్తి మాత్రమే.

బొమ్మ వంగుట ఎట్లు?

వీడియోలోని ప్రతి ఫ్రేము పిక్సెళ్ళు అను రంగుచుక్కల వరుసలతో ఏర్పడును. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న ఫ్రేములో మొత్తము 20,73,600 చుక్కలుండును. కంప్యూటరు నిజమునకు బొమ్మను వంచదు. ఒక్కొక్క వరుసను కుడికో ఎడమకో కొంత జరుపును. ఎంత జరుపవలెనో ఈ సూత్రము తెలుపును:

స్థానభ్రంశము = కంపన పరిమితి × సైను (360° × వరుస సంఖ్య ÷ తరంగ దైర్ఘ్యము)

కంపన పరిమితి 20 చుక్కలు, తరంగ దైర్ఘ్యము 240 వరుసలు అనుకొందము. 20వ వరుసకు కోణము 30°, దాని సైను ½. కనుక ఆ వరుస 10 చుక్కలు కుడికి జరుగును. 60వ వరుస పూర్తిగా 20 చుక్కలు జరుగును. 120వ వరుస స్వస్థానముననే యుండును. 180వ వరుస 20 చుక్కలు ఎడమకు పోవును. 240వ వరుసతో ఒక అల పూర్తియగును. 1080 వరుసలలో నాలుగున్నర అలలు పట్టును. నిటారుగనున్న స్తంభము పామువలె మెలికలు తిరిగి కనబడును.

ఇందొక చిక్కు కలదు. 40వ వరుసకు కోణము 60°, స్థానభ్రంశము 17.32 చుక్కలు. చుక్కను ముక్కలు చేయుటకు వీలులేదు. కనుక కంప్యూటరు లెక్కను తిరుగవేయును. పాత చుక్క ఎచ్చటికి పోవునని కాక, కొత్త బొమ్మలోని ఈ చోటికి రంగు పాత బొమ్మలో ఎచ్చటినుండి రావలెనని చూచును. ఆ చోటు రెండు చుక్కల నడుమ పడినందున, దగ్గరి చుక్క రంగు 68 పాళ్ళు, దూరపు చుక్క రంగు 32 పాళ్ళు కలిపి వేయును. అందుచే బొమ్మలో ఎచ్చటను చిల్లులు పడవు.

అల సాగుట ఎట్లు?

ఫ్రేము ఫ్రేమునకు పై కోణమును కొంత మార్చుచు పోయినచో అల ప్రయాణించును. వేవ్ వార్ప్‌లో దీనిని సెకనుకు ఇన్ని ఆవృత్తములని ఇత్తురు. భౌతిక శాస్త్రములో దీని పేరు పౌనఃపున్యము. దీని విలువ 0.5 అయినచో, సెకనుకు 25 ఫ్రేములుగల వీడియోలో ఒక్కొక్క ఫ్రేమునకు కోణము 7.2° మారును. అల సెకనుకు 0.5 × 240 = 120 వరుసలు సాగును. స్థానభ్రంశము అడ్డముగను, అల ప్రయాణము నిలువుగను ఉన్నందున ఇది తిర్యక్ తరంగము.

విలువను 25కు పెంచినచో అల మహావేగముతో పరుగెత్తునని తోచును. కాని అది కదలక నిలిచిపోవును! ఒక్కొక్క ఫ్రేమునకు కోణము సరిగా 360° మారుటచే అన్ని ఫ్రేములును ఒకే రీతిగ నుండును. 24 ఇచ్చినచో అల మెల్లగా వెనుకకు నడచును. సినిమాలో బండిచక్రము వెనుకకు తిరుగునట్లు కనబడుటకును ఇదియే కారణము.

వాడువారు గమనింపవలసినవి

వరుసలు జరిగినపుడు అంచులలో ఖాళీలు ఏర్పడును. అంచులను కదలకుండ బిగించుట ఒక ఉపాయము. బొమ్మను నూటికి 2 పాళ్ళకు కొంచెము పైగా పెంచుట మరియొకటి.

ఈ అలకును నీటి అలకును భేదమున్నది. లోతైన నీటిలో తరంగ దైర్ఘ్యమును బట్టి అల వేగము మారును. తెరమీద దైర్ఘ్యమును, పౌనఃపున్యమును దేనికది కోరినట్లు నిర్ణయింపవచ్చును. తరగతిలో దీని విలువయు ఇందే కలదు. ఒక్కదానిని మాత్రము మార్చి, మిగిలినవానిని కదపక, దాని ఫలమును విడిగా చూపవచ్చును. విద్యార్థులు మొదట గళ్ళకాగితముపై అలను గీచి, పిమ్మట ఒక నిలువు గీత వీడియోపై ఆ విలువలనే ఇచ్చి సరిచూచుకొన్నచో, సైను పట్టికలోని అంకెలు కంటికి కనబడు కదలికలగును.