పుంజు అంటే సిగ్గెందుకు?

చాలా ఏళ్ల క్రితం ఒక విద్యార్థిని తన వ్యాసంలో "మా పుంజు కూయగానే అమ్మ లేస్తుంది" అని రాసింది. నేను "పుంజు" కొట్టివేసి ఎర్రసిరాతో "కుక్కుటము" అని దిద్దాను. ఆ తర్వాతి వ్యాసాల్లో ఆ పిల్ల తన ఇంటి సంగతి మళ్లీ రాయలేదు. ఇంగ్లీషు "రూస్టర్" పుట్టుక తెలుసుకున్నప్పుడు ఆ దిద్దుబాటు నాకు గుర్తుకొచ్చింది.

ఇంగ్లీషులో పుంజుకు పాత పేరు "కాక్". కూతను అనుకరిస్తూ పుట్టిన మాట అంటారు. అదే మాట పురుషాంగానికీ వాడుకైంది. దానితో 18వ శతాబ్దం చివరి భాగం నుంచి అమెరికా మర్యాదస్తులు దాన్ని పలకడానికి జంకి, "రూస్టర్"ను పట్టుకున్నారు. "రూస్ట్" అంటే కోళ్లు రాత్రిపూట ఎక్కి పడుకునే కర్ర. రూస్టర్ అంటే ఆ కర్ర ఎక్కేది. మరి పెట్ట మాత్రం ఎక్కదా? మగకోడి అని చెప్పవలసిన మాటలో మగ అన్న జాడే లేదు. అలవాటే దానికి ఆ అర్థాన్నిచ్చింది. ఈ సిగ్గు బొద్దింకనూ వదలలేదు. "కాక్రోచ్" అక్కడ "రోచ్" అయింది. నిజానికి అది స్పానిష్ "కూకరాచా" నుంచి వచ్చిన మాట. పుంజుతో దానికి చుట్టరికమే లేదు.

మనం చేస్తున్నది మాత్రం ఏమిటి? "కోడి" మన ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. తమిళ, మలయాళ, కన్నడాల్లో దాని తోబుట్టువులున్నాయి. జాతికి కోడి, మగదానికి పుంజు, ఆడదానికి పెట్ట: పల్లెజనం ఎంత స్పష్టంగా విభజించుకున్నారో గమనించండి. ఇక మనం గౌరవించే "కుక్కుటం" మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? అదీ కూతను అనుకరించి పుట్టినదే. మాటకు పుట్టుకలో పెద్దరికం లేదు; దాన్ని అంటగట్టేది మనమే.

"నా కోడీ, కుంపటీ లేకపోతే ఎలా తెల్లవారుతుంది" అన్న సామెతలో కోడిని తీసి కుక్కుటాన్ని పెట్టి చూడండి. ముసలమ్మా మాయమవుతుంది, ఆమె వాకిలీ మాయమవుతుంది.

సంస్కృత పదాలపై నాకు ద్వేషం లేదు. అవసరమైన చోట వాడవలసిందే. కాని శ్రమజీవుల ఇంటిమాటను మోటు అని కొట్టివేసిన చోట, మాటతోపాటు మనిషినీ కొట్టివేస్తున్నాం. ఆ రోజు నేను దిద్దింది తప్పును కాదు. ఒక తల్లి తెల్లవారుజామును.