గుమ్మంలో బైఠాయించిన ఎంజైము

ఎచ్చెర్ల నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని రాసిన ఉత్తరంలో ఒక్కటే ప్రశ్న. "మైటోకాండ్రియా పాడైతే లివర్ క్యాన్సర్ ముదురుతుందని చదివాను. శక్తినిచ్చేవే పాడైతే కణం చచ్చిపోవాలి కదా, అలాగ పెరిగిపోతాదేటి సార్?" ఇలాంటి ప్రశ్న చేతిలో పడ్డాక మిగతా ఉత్తరాలు పక్కన పెట్టక తప్పదు.

మైటోకాండ్రియా సంగతి బడిలోనే చదువుకున్నాం: ఒక్కో కాలేయ కణంలో వెయ్యి నుంచి రెండు వేల దాకా ఉంటాయి, ఆక్సిజన్ వాడుకుని కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారుచేస్తాయి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పట్టుకున్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనిపెట్టాడు. ముగ్గురిలో ఎవరికీ నోబెల్ రాలేదు.

నోబెల్ వచ్చినవాడు ఒట్టో వార్‌బర్గ్, 1931లో. 1920లలో ఆయన ఎలుకల కణితుల్ని పలుచగా కోసి, అవి పీల్చే ఆక్సిజన్‌ను కొలిచాడు. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా కణితి గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తోంది. చూసింది నిజం, తేల్చింది తప్పు. శ్వాసక్రియ కోలుకోలేనంతగా దెబ్బతినడమే క్యాన్సర్‌కు మూలమని 1956లో 'సైన్స్' పత్రికలో మళ్లీ వాదించాడు. కణితులు ఆక్సిజన్‌ను బాగానే వాడుకుంటున్నాయి కదా అని సిడ్నీ వైన్‌హౌస్ అదే పత్రికలో ఎదురు చెప్పాడు. వార్‌బర్గ్ వింటేగా! 1970లో పోయేదాకా పట్టు వదల్లేదు. ఆయన పట్టుదలే ఇవాళ్టికీ సగం పాఠాల్లో మిగిలింది.

అసలు ముడి కాలేయంలోనే వీడింది. ఆరోగ్యంగా ఉన్న కాలేయ కణంలో గ్లూకోజుకు ఫాస్ఫేటు తగిలించే పని గ్లూకోకైనేజ్ అనే ఎంజైముది. దానికి తొందర లేదు. భోజనం తర్వాత రక్తంలో చక్కెర పెరిగితేనే జోరందుకుంటుంది. కాలేయం ధర్మమే అది: నలుగురికీ పంచాక మిగిలింది దాచడం. క్యాన్సర్ వచ్చిన కణంలో ఆ ఎంజైము తగ్గిపోయి, పెద్దవాళ్ల కాలేయంలో దాదాపు కనిపించని హెక్సోకైనేజ్-2 పుట్టుకొస్తుంది. దానికి కొంచెం గ్లూకోజు చాలు, విజృంభిస్తుంది.

ఇప్పుడు నాకు మహా ఇష్టమైన భాగం. 1977లో జాన్స్ హాప్కిన్స్‌లో ఎర్నెస్టో బుస్తమాంతే, పీటర్ పెడర్సన్ ఎలుకల కాలేయ క్యాన్సర్ కణాల్ని పరీక్షించి, ఈ హెక్సోకైనేజ్‌లో పెద్ద భాగం మైటోకాండ్రియాకే అంటుకుని ఉందని చూపించారు. మైటోకాండ్రియా బయటి పొరలో వీడాక్ అనే రంధ్రాలుంటాయి. ఏటీపీ బయటికొచ్చే దారి అదే. హెక్సోకైనేజ్-2 తన తోకను ఆ పొరలో గుచ్చుకుని సరిగ్గా రంధ్రం దగ్గరే బైఠాయిస్తుంది. మిల్లు గేటు దాటకముందే బస్తా దించేసుకునే దళారిలా, వస్తున్న ఏటీపీని వచ్చినట్టే అందుకుని అందులోని ఫాస్ఫేటును గ్లూకోజుకు తగిలిస్తుంది. మామూలుగా ఈ పనిలో తయారైన సరుకు పేరుకుంటే ఎంజైము తనంతట తాను నెమ్మదించాలి. అక్కడ కూర్చున్నప్పుడు ఆ కళ్లెం కూడా వదులవుతుంది. పైగా, కణం చావడానికి ఒక ముఖ్య సంకేతం బయల్దేరేది ఆ బయటి పొర నుంచే. అక్కడ వీడు తిష్ఠ వేస్తే చావు కబురు ఆలస్యమవుతుంది.

అంటే మైటోకాండ్రియా చచ్చిపోలేదమ్మా, పక్షం మార్చాయి. నిజంగా చచ్చి ఉంటే గుమ్మంలో దొరికే ఏటీపీ ఎక్కడిది?

అలాగని దెబ్బ తగల్లేదని కాదు. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్-బి వైరస్ తయారుచేసే 'ఎక్స్' ప్రొటీను వీడాక్ కుటుంబంలోని వీడాక్-3కే అతుక్కుంటుంది. రెండు వేర్వేరు దొంగలకు ఒకే గుమ్మం నచ్చడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది, రోగికి కాదనుకోండి. ఆ ప్రొటీను అతుక్కున్నాక మైటోకాండ్రియా లోపలి పొర మీది విద్యుత్ తేడా పడిపోతుంది, చురుకైన ఆక్సిజన్ అణువులు పెరుగుతాయి. పక్కనే 16,569 జతల అక్షరాల మైటోకాండ్రియా డీఎన్ఏ ఉంటుంది, కేంద్రకంలోని డీఎన్ఏకు ఉన్నట్టు హిస్టోన్ల కవచం దానికి లేదు. మచ్చలు పడతాయి. కణితి ఆ మచ్చలతోనే సర్దుకుని బతుకుతుంది.

ఉపయోగమా? ఎలుకల కాలేయంలో హెక్సోకైనేజ్-2 తీసేస్తే కణితులు తగ్గాయి. కానీ ఆ ఎంజైమును అడ్డుకుంటుందని పెడర్సన్ ప్రయోగశాలలో ఆశలు రేపిన బ్రోమోపైరువేట్ అనే రసాయనాన్ని 2016లో జర్మనీలో ఒక ప్రత్యామ్నాయ వైద్యుడు రోగులకు ఎక్కించగా కొందరు చనిపోయారు. మోతాదు తప్పిందని కోర్టు తేల్చింది. ప్రయోగశాలకూ పడక మంచానికీ మధ్య దూరం తెలియనివాళ్ల పని అది.

ఈ గుమ్మం గొడవేమీ తెలుసుకోకుండానే పనిచేసేది ఒకటుంది: పుట్టిన 24 గంటల్లో వేసే హెపటైటిస్-బి టీకా. దాని గురించి రాయమని మాత్రం ఎవరూ ఉత్తరం రాయరు.