మంచూరియా ఎరుగని మంచూరియా

నిజామాబాదు నుండి జగిత్యాల వైపు పోయే బాటలో, ఆర్మూరు దాటిన తరువాత వచ్చే కమ్మర్‌పల్లి పసుపు పంటకు పేరుపొందిన ఊరు. పసుపు పరిశోధన కేంద్రం కూడా అక్కడ ఉన్నది. ఆ చుట్టుపట్ల పల్లెలలో పసుపుతో పాటు చాలా ఇండ్లను నిలబెట్టినది గల్ఫు కొలువు. దుబాయి నుండో, మస్కట్ నుండో రెండు మూడేండ్లకు ఒకసారి సెలవుపై వచ్చే కొడుకు తన ఇంటికి తానే చుట్టమై వస్తాడు. వచ్చిన నాడు కోడి కోస్తారు. తిరిగి పోయేలోగా ఒకనాడు అతడు ఇంటిల్లిపాదినీ, కలిసిన స్నేహితులనూ వెంటబెట్టుకొని పట్టణంలో 'చైనీస్' తినిపించటం కొన్ని ఇండ్లలో ఆచారం వంటిదైనది.

ఆ ప్రయాణంలో ఒక తమాషా ఉన్నది. నిజామాబాదుకు పోయే దారిలోనే అంకాపూర్ తగులుతుంది. నాటుకోడి కూర కొరకు ఎక్కడెక్కడివారో వెదకుకొంటూ వచ్చే ఊరు అది. దానిని దాటిపోయి మరీ వీరు సోయాసాసును వెదకుతారు. ఇంటి రుచిని మించిన రుచి దొరుకుతుందని కాదు. పరదేశంలో పదిమందితో ఒక గదిలో తానే వండుకొని తిన్నవాడు కలవరించేది తల్లి చేతి జొన్నరొట్టెనే. బయటి భోజనంలోని కిటుకు వేరు.

ఇంట చుట్టాలు దిగినప్పుడు వండినవారు కడపట తింటారు. మగవారు, పిల్లలు, వచ్చినవారు లేచిన తరువాత, చల్లారిన కూరతో, వంటింటి గడప దగ్గర వారి భోజనం ముగుస్తుంది. ఎంతటి అభిమానవతి వచ్చి కూర్చోమన్నా ఇల్లాలు కూర్చోదు. హోటలు బల్ల ఈ వరుసను తారుమారు చేసినది. అక్కడ వడ్డించేవాడు మరొకడు. తల్లి, భార్య, మరదలు చుట్టంతో సమంగా, ఒకే వేళకు, పొగలు కక్కే పళ్లెం ముందు కూర్చుంటారు. పైగా బిర్యానీ అయితే ఇంటి వంటతో పోలిక వస్తుంది. నూడిల్స్‌కు ఆ బెడద లేదు, ఎవరి చేతికీ చిన్నతనం రాదు. ముసలమ్మ ఫ్రైడ్ రైసును వేలితో కదిలించి "గిదేం బువ్వ బిడ్డా, నూనెల దేవినట్టున్నది" అనవచ్చు. అన్నా, ఆ పూట ఆమెకు ఒకరు వడ్డించినారు. అతిథి మర్యాద ఇల్లు వదలి అంగడికెక్కినదని నొచ్చుకొనే పెద్దలు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసికొనవలె.

ఇక ఆ పళ్లెం సంగతి. మంచూరియా చైనాకు ఈశాన్యాన ఉన్న ప్రాంతం. 1644 నుండి 1912 వరకు ఆ దేశాన్ని ఏలిన మంచూ వంశం అక్కడిది. మన మంచూరియాను మాత్రం ఆ నేల ఎరుగదు. కలకత్తాలో పుట్టిన చీనా సంతతివాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో దానిని తానే కల్పించినట్లు చెప్పుకొన్నాడు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పోపుగిన్నెలోనివే. గరంమసాలాకు మారుగా సోయాసాసు పడినది. చిక్కదనానికి మొక్కజొన్న పిండి కలిసినది. మిరప, మొక్కజొన్న అమెరికా ఖండపు సంతానం. అజినొమోటో అయితే, జపాను శాస్త్రజ్ఞుడు కికునే ఇకెదా 1908లో సముద్రపు నాచులో కనుగొన్న రుచికి అంగడి పేరు. చైనా వాటాకు మిగిలినది సోయా ఒక్కటే! ఎర్రరంగు మాట ఎత్తకపోవటమే మేలు. గోబీ మంచూరియాలో కృత్రిమపు రంగులను కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించినది.

వాంగు పూర్వుల వంటివారు కలకత్తాకు చేరిన కథ బోధన్ చెరకు సీమకు దగ్గరిది. దాని మూలం చక్కెర. చెరకు రసం కాచే విద్య నేర్చుకొనటానికి చైనా చక్రవర్తి తైజుంగ్ క్రీ.శ. 647లో మగధకు మనుషులను పంపినట్లు ఆ దేశ చరిత్రలు చెబుతున్నవి. పదకొండు శతాబ్దాల తరువాత ఆ విద్య ఎదురు నడచివచ్చినది. వారన్ హేస్టింగ్సు కాలంలో, 1780 ప్రాంతాన, తాంగ్ అచ్యూ అనే చీనా వర్తకుడు కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున భూమి పొంది, చెరకు నాటి, చక్కెర మిల్లు నిలిపి, స్వదేశపు కూలీలను రప్పించినాడు. కొద్ది ఏండ్లకే అతడు మరణించగా మిల్లు చెడినది. పనివారు కలకత్తా చేరినారు. వారి వెనుక వచ్చినవారు వడ్రంగులైనారు, చెప్పులు కుట్టినారు, తోళ్లు ఊనినారు, పూటకూళ్లు నడిపినారు. 1937లో బోధన్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిననాడు కార్మికుల ఇండ్లలో ఏమి జరిగినదో చూచినవారికి ఈ చెదరిపోవటాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవసారి చెదరటం ఇంకా కఠినమైనది. 1962లో చైనాతో యుద్ధం నెలరోజులు సాగినది. ఆ పేరుతో ఈశాన్యం నుండి, బెంగాలు నుండి దాదాపు 3,000 మంది చీనా సంతతివారిని, ముసలివారు పసిపిల్లలతో సహా, రాజస్థానంలోని దేవళీ శిబిరంలో నిర్బంధించినారు. వారిలో చాలామంది ఇక్కడ పుట్టి, ఇక్కడి భాషలే మాట్లాడేవారు. యుద్ధం ఆగినా కొందరికి 1967 వరకు విడుదల లేదు. కొందరిని ఓడలెక్కించి, ఎన్నడూ చూడని చైనాకు పంపినారు. విడుదలై ఇల్లు చేరినవారికి అంగళ్లు, ఆస్తులు పరులవైనవి. చాలామంది క్రమంగా కెనడా దారి పట్టినారు. మిగిలినవారి తోళ్ల కార్ఖానాలను నగరం వెలుపలికి తరలించవలెనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. టాంగ్రా పేటలోని కార్ఖానాలు కొన్ని అప్పుడు భోజనశాలలుగా మారినవి.

నేడు జిల్లా పట్టణాలలో ఆ కడాయి తిప్పేవాడు నేపాలీయో, ఈశాన్య రాష్ట్రాలవాడో, మన పల్లె కుర్రవాడో అయి ఉంటాడు. అతడూ ఇల్లు విడిచి వచ్చినవాడే. గల్ఫు సెలవు మీద వచ్చినవాడు బిల్లుతో పాటు అతనికి నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వటం తరచుగా కనిపించే దృశ్యం.

అచ్యూ పేరు మీదనే హుగ్లీ ఒడ్డున అచిపూర్ అనే పల్లె ఉన్నది. అక్కడ గుర్రపు నాడా ఆకారంలో అతని ఎర్రని సమాధి నిలిచి ఉన్నది. చీనా సంవత్సరాది దినాలలో కలకత్తాలో మిగిలిన కుటుంబాలు, దూరదేశాల నుండి సెలవు దొరికి వచ్చిన తమ బంధువులను వెంటబెట్టుకొని, అక్కడికి పోయి అగరువత్తులు వెలిగించి, తెచ్చిన పదార్థాలను ముందు అతని ఎదుట పెడతారు.