సెల్‌ఫోను మొరాయించినపుడు

తపతీ తీరాన వెలసిన సూరత్ నగరం జరీకి, కృత్రిమ నూలు వస్త్రాలకు ప్రసిద్ధి గాంచినది. ఇచ్చటి మరమగ్గాలపై ఒరియా, మరాఠీ, హిందీ సోదరులతోపాటు తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలీలు అనేకులు పనిచేస్తున్నారు. నగరపాలక సంస్థ వీరి పిల్లల కొరకు తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది.

ఈ కుటుంబాలను స్వగ్రామంతో కలిపినది ఒకనాడు మనియార్డరు, నేడు సెల్‌ఫోను. 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడగా మనదేశంలో ప్రారంభమైన ఈ సాధనం, ఇప్పుడు శ్రామికుని జేబులోని బ్యాంకు. అది పనిచేయని దినాన ఊరికి డబ్బు చేరదు.

పోగు తెగినపుడు నేతగాడు మగ్గమంతా విప్పడు. తెగిన చోటు ఎక్కడో ముందు వెదకుతాడు. ఫోను విషయంలోనూ ఇదే పద్ధతి శ్రేయస్కరం.

చార్జింగు ఎక్కనప్పుడు మొదట ప్లగ్గును, పిదప తీగను, ఆపైన చార్జరును ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. అప్పటికీ ఫలితం లేకున్న, రంధ్రాన్ని వెలుతురులో పరిశీలించాలి. మగ్గాల మధ్య తిరిగే ఫోనులో నూలు ధూళి పేరుకొని, తీగ కొన పూర్తిగా లోనికి పోదు. ఫోను ఆపివేసి, సన్నని చెక్కపుల్లతో మెల్లగా ఆ ధూళిని తీయవచ్చును. సూది వంటి లోహపు వస్తువును ఎన్నడూ వాడరాదు.

వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. అది ఉబ్బినట్లు కనిపిస్తే వాడకం ఆపి నిపుణునికి చూపాలి. నొక్కుట, గుచ్చుట అగ్నిప్రమాదానికి దారితీయును. వానలో తడిసిన ఫోనును ఆపివేసి గాలి తగిలేచోట ఆరనివ్వాలి. ఆరకముందే చార్జింగు పెట్టరాదు. బియ్యంలో పాతిపెట్టుట వలన మేలు లేదు. ఆ పొడి లోనికి చేరును.

సిగ్నలు అందనపుడు విమాన సంకేతాన్ని నొక్కి, కొన్ని క్షణాల తరువాత తొలగించాలి. ఫోనును ఒకసారి ఆపి తెరవాలి. సిమ్మును తీసి పొడిగుడ్డతో తుడవాలి. పక్కవారి వేరొక సంస్థ ఫోను మాత్రం అదే చోట బాగుగా పనిచేస్తున్నచో, లోపం మన ఫోనుది కాకపోవచ్చును. అంతమాత్రాన సిమ్మును పారవేయరాదు. వదలివేసిన సంఖ్య కొంతకాలానికి వేరొకరికి కేటాయింపబడును. బ్యాంకు ఖాతా సందేశాలు వారికి చేరగలవు. సంఖ్య మారకుండా సంస్థను మార్చుకొనే సౌకర్యం 2015 జూలై నుండి దేశమంతటా కలదు.

తెలియని భాషలోనికి మారిన ఫోను మరొక చిక్కు. పళ్ళచక్రం గుర్తు గల అమరికల పుటలో భాషల పట్టిక ఉంటుంది. అందులో ప్రతి భాష పేరు సాధారణంగా దాని లిపిలోనే ఉంటుంది గనుక, అచ్చట ‘తెలుగు’ను గుర్తించుట సులభం.

*#06# నొక్కగా కనబడే పదిహేను అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను నేడే కాగితంపై వ్రాసి ఉంచుకొనండి. ఫోను పోయినచో పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ ద్వారా దానిని స్తంభింపజేయవచ్చును. డబ్బు మోసానికి గురైనవారు వెంటనే 1930కి ఫోను చేయాలి. మరమ్మతు చేసేవారికైనా రహస్య సంఖ్యలు చెప్పరాదు.

ఇవి తెలిసిన విద్యార్థి తన ఇంటి పెద్దలకే గాక, ఏ భాషవారైన పొరుగువారికీ ఉపకరించగలడు.