కొల్లేరులో ‘ఐదో కాంటూరు’ అంటే ఏంటి?

కొల్లేరు లంక గ్రామాల్లో భూమి గొడవ ఎప్పుడు వచ్చినా ‘ఐదో కాంటూరు’ అనే మాట వినిపిస్తుంది. సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గీత అది. నీళ్లు అక్కడిదాకా నిండితే సరస్సు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 1999లో ప్రభుత్వం ఆ గీత లోపలి ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ గుర్తింపు కూడా వచ్చింది.

అభయారణ్యం అంటే చెట్లే ఉండక్కర్లేదు. ఇక్కడ కాపాడేది చిత్తడి నేలను, పక్షులను. అందుకే గీత లోపల చేపల చెరువులకు గట్లు వేయకూడదు. 2006లో అలాంటి గట్లను పెద్ద ఎత్తున కొట్టేశారు. చిక్కంతా జిరాయితీ భూములతోనే: పట్టా రైతు పేరునే ఉంటుంది, చెరువు మాత్రం తవ్వుకోలేడు. గీతను మూడో కాంటూరుకు తగ్గించాలనే డిమాండ్ అక్కడి నుంచి వచ్చిందే. 2008లో శాసనసభ తీర్మానం చేసినా గీత మారలేదు.

గట్టు వేస్తే ఎవరికేం నష్టం? బుడమేరు, తమ్మిలేరు వరద వచ్చి పడేది కొల్లేరులోకే. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. గట్లు ఆక్రమించినంత మేర వరద నిలిచే చోటు తగ్గి, నీళ్లు ఎగువ పొలాల మీదికి ఎగదన్నుతాయి.

ఇక్కడ భూమి కొనేవాళ్లు పట్టా చూసి ఊరుకోవద్దు. ఆ సర్వే నంబరు గీతకు ఏ వైపుందో అటవీశాఖ దగ్గర ముందే కనుక్కోవాలి.